ఎర్త్ వైరు

పదింటికి ఆమె షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి, స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చుంది. విద్యుత్ భద్రతాశాఖ ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వస్తానన్నాడు. నిన్న సాయంత్రం ఇద్దరు మనుషులు వ్యానులోంచి దింపి, బల్లమీద పెట్టి, సంతకం చేయించుకుని వెళ్ళిన యాంప్లిఫయరు, తమ్ముడి గిటారు యాంప్లిఫయరు, వీపు ఆమెవైపు తిప్పుకుని ఉంది. వెనక చెక్కకి ఆరు స్క్రూలు. చెక్కకీ పెట్టెకీ కలిపి అంటించిన సీలు కాగితం వ్యాను కుదుపులకి సగం ఊడి వేలాడుతోంది. "నేనొచ్చేదాకా దానిమీద చెయ్యి వెయ్యకండమ్మా, మీ ఎదురుగానే చూస్తాను, విప్పడం కూడా మీరే విప్పాలి, మావాళ్ళకి ఈ పాత ట్యూబుల సరుకు తెలీదు" అన్నాడు ఫోన్లో. ఆ గొంతులో అనుమానం లేదు. ఉంటే బాగుండేదేమో అనుకుంది. ఎందుకు బాగుండేదో ఆలోచించబోయి వదిలేసింది. ఆరు వారాలుగా ఆలోచనలన్నీ ఇంతే, సగందాకా నడిచి అక్కడే కూలబడుతున్నాయి. గోడమీది గడియారం పది దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. షట్టరు కిందుగా వీధిలో నడిచేవాళ్ళ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, బూట్లు, చెప్పులు, ఓ పిల్లాడి సైకిలు చక్రం. ఎవరివో చెప్పులు షాపు ముందు ఆగి, లోపల లైటు చూసి, ఏమనుకున్నాయో మళ్ళీ కదిలాయి.

ఆరు వారాల కిందట ఓ శనివారం సాయంత్రం హాలు వేదికమీద తమ్ముడు ఎడంచెయ్యి గిటారు తీగలమీద ఉంచుకునే, కుడిచేత్తో మైకుని దగ్గరికి లాక్కున్నాడు. ఆ రెండు చేతులకీ మధ్య ఉన్నది వాడి గుండె. డ్రమ్ములు వాయించే అతను, వీడు ఉత్సాహం కొద్దీ వంగాడనుకుని రెండు దరువులు కూడా వేశాడట. తర్వాత చూసి, లేచి, యాంప్లిఫయరు ప్లగ్గుని కాలితో తన్ని ఊడగొట్టాడట. బతికాడు. ఎవరొచ్చినా ముందు ఆ మాటే అన్నారు, బతికాడు, అంతే చాలు. ఎడంచేతి చివరి రెండు వేళ్ళకి స్పర్శ పోయింది. నరం దెబ్బతిందనీ, తిరిగి రావచ్చనీ, రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పిన తీరు ఆమెకి బాగా తెలుసు. నీళ్ళలో పడిన యాంప్లిఫయరు తెచ్చినవాళ్ళకి తనూ అలాగే చెబుతుంది, ఆరనిద్దాం, చూద్దాం అని.

ఆ యాంప్లిఫయరుని అంతకు నాలుగు నెలల ముందు బాగు చేసింది తనే. ఎవరో ముసలాయన ఇంట్లో మూలపడి ఉంటే తమ్ముడు కొనుక్కొచ్చాడు, తన కంటే పెద్దది వయసులో. దానికి రెండు కాళ్ళ ప్లగ్గే ఉండేది, ఆ రోజుల్లో ఎర్త్ అంటూ ఉండేది కాదు. పాత వైరు పీకేసి మూడు కాళ్ళ ప్లగ్గున్న కొత్త వైరు వేసింది. దాంట్లో పచ్చతీగ, ఎర్త్ వైరు, చివర రింగు వేసి లోపలి ఇనప పెట్టెకున్న బోల్టుకి తగిలించి నట్టు బిగించాలి. లోపల ఎక్కడ కరెంటు లీకైనా ఆ పచ్చతీగ దాన్ని భూమిలోకి లాక్కుపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, వాయించేవాడు "పాడైపోయింది" అని తిట్టుకుంటాడు, అంతటితో సరి. ఆ తీగ లేకపోతే పెట్టె పెట్టంతా కరెంటవుతుంది, దాన్నుంచి గిటారు తీగలకీ వస్తుంది. వచ్చింది. అంటే నట్టు వదులై ఉండాలి. అంటే తను బిగించి ఉండకూడదు.

గుర్తులేదు. ఇదే ఆరు వారాల కథ. వైరు కోసినట్టు గుర్తుంది, రింగుని సోల్డరు చేస్తే పొగ కంట్లో పడినట్టు గుర్తుంది, రింగుని బోల్టులోకి దూర్చినట్టు గుర్తుంది, నట్టుని వేళ్ళతో రెండు చుట్లు తిప్పినట్టు కూడా గుర్తుంది. ఆ తర్వాత స్పానరు తీసుకున్నానా? ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేసే పని ఎవరికి గుర్తుంటుంది. ఇల్లు తాళం వేసి వీధి చివరికి వచ్చాక, వేశానా లేదా అని ఆగిపోయినప్పుడు గుర్తుకొచ్చేది ఇవాళ్టి తాళమో నిన్నటి తాళమో ఎలా తెలుస్తుంది. మనసులో కొన్ని వందల నట్లు బిగించి ఉన్నాయి, అన్నిటికీ ఒకటే చెయ్యి, ఒకటే స్పానరు. ఆ ఒక్కటి మాత్రం వెతికినకొద్దీ జారిపోతోంది. ఒక్కో రోజు స్పానరు బిగుసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. సంతోషించాలి కదా అని చూసుకుంటే ఏమీ ఉండదు లోపల. బిగించావు అన్నా అంతే, లేదు అన్నా అంతే.

పనిలో పెట్టింది మామయ్య. అమ్మకి అన్న. రేడియోలు బాగుచేసేవాడు. లోపలి గాజు ట్యూబుల్ని ట్యూబులనేవాడు కాదు, వాల్వులనేవాడు. పదమూడేళ్ళ పిల్లని స్టూలెక్కించి, "ముందు ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకో" అన్నాడు. పని చేసేది ఒక చేత్తోనే, రెండోది వీపు వెనక. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి రెండో చేతిలోంచి దిగుతుంది, దారిలో గుండెని పలకరించి పోతుంది అనేవాడు, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు. ప్లగ్గు పీకినా కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుండిపోతుంది, దాన్ని ఖాళీ చేసిగాని చెయ్యి పెట్టకూడదు. "ఆపేశాం కదా అని అది మర్చిపోదే, దానికి కోపం నెమ్మదిగా దిగుతుంది" అనేవాడు. ఆయన నవ్వినప్పుడు పైపన్ను ఒకటి ఉండేది కాదు. ఆయన పోయినప్పుడు కూడా తనకి ఏడుపు రాలేదు, కానీ అది వేరు. అప్పుడు ఏడుపు పక్కగదిలో ఉన్నట్టు తెలిసేది. ఇప్పుడు ఆ గదే లేదు.

ట్రాన్సిస్టరుది కొనుక్కోరా అని తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పింది. కరెంటు పెట్టగానే పాడుతుంది, వేడెక్కేదాకా ఆగక్కర్లేదు, గాజుసామాను కాదు, బస్సులో పడేసుకుని పోవచ్చు. స్పీకరు తీగ ఊడిపోతే ఊరుకుంటుంది, అదే ట్యూబులదైతే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ట్యూబులు ఏడాదికో రెండేళ్ళకో అరిగిపోతాయి, మార్చాలి, మార్చినప్పుడల్లా విప్పి, మీటరు పెట్టి, వాటికి ఎంత కరెంటు పారాలో సరిచెయ్యాలి, దాన్ని పెంచి పోషించాలి ముసలత్తగార్ని చూసుకున్నట్టు. వాడు నవ్వేవాడు. "నీ ట్రాన్సిస్టర్లు పోయేటప్పుడు చెప్పి పోతాయా అక్కా?" అనేవాడు. ఆ మాట నిజమే. ట్యూబు చెడిపోయే ముందు నెలలపాటు చెబుతూనే ఉంటుంది. గొంతు మందగిస్తుంది, చిటపటమంటుంది, పెన్సిలుతో తడితే స్పీకర్లో టింగుమంటుంది, మరీ ఎక్కువైతే లోపలి రేకు ఎర్రబడుతుంది. ట్రాన్సిస్టరు నిన్న సాయంత్రందాకా నిక్షేపంగా ఉంటుంది, ఇవాళ పొద్దున ఉండదు. పోతూ పోతూ స్పీకర్ని కూడా కాల్చి పోతుంది. కొత్తగా వస్తున్నవైతే మరీ అన్యాయం, బోర్డుమీద భాగాలు నువ్వుగింజలంత ఉంటాయి, ఒకటి పోతే బోర్డంతా మార్చాలి, బోర్డేమో ఐదేళ్ళకే దొరకడం మానేస్తుంది. ఏది నమ్మకమైనది అని అడిగేవాళ్ళకి ఆమె దగ్గర ఒకటే జవాబుండేది, నువ్వు చూసుకునేవాడివైతే ట్యూబులది, చూసుకోనివాడివైతే ట్రాన్సిస్టరుది. షాపుకొచ్చే సంగీతం పంతులమ్మ దగ్గర ఇరవై రెండేళ్ళ ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు ఉంది, బడిపిల్లలు దానిమీద కూర్చుంటారు, దానిమీద నుంచి దూకుతారు, ఒకసారి దాంట్లోకి పాయసమేదో పోశారు. ఇన్నేళ్ళలో ఒక్క సాకెట్టు మార్చిందంతే. పళ్ళ డాక్టరుది మంచి ట్యూబులది, ఆయన నెలకోసారి తెచ్చి, "మధ్యలో ఒక సన్నటి శబ్దమేదో వస్తోందండీ, పంటిలో ఇరుక్కున్నట్టు" అంటాడు. రెండ్రోజులు బల్లకింద ఉంచి, పైన దుమ్ము తుడిచి ఇచ్చేస్తే, "ఇప్పుడు సరిపోయింది, మీ చెయ్యే వేరు" అని తీసుకుపోతాడు. ఇది గుర్తొస్తే ఎప్పుడూ నవ్వొచ్చేది. ఇప్పుడు గుర్తొచ్చింది, వెళ్ళిపోయింది, వీధిలో పాదాల్లాగా.

పదీ ఇరవై. పైన అమ్మ కుర్చీ జరిపిన చప్పుడు. షాపు మీదే ఇల్లు. అమ్మ ఆరు వారాలుగా ఒక్క మాట కూడా అడగలేదు. అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, "వాడి దగ్గరికి వెళ్తున్నావా" అంటుంది, వెళ్తున్నాననగానే డబ్బా చేతిలో పెడుతుంది. ఒకరోజు మాత్రం మెట్లమీద నిలబడి, "నీ తప్పేముంది" అంది. అడగకుండానే అంది, అంత తొందరగా. ఆ తొందర విన్నాక ఆమెకి అమ్మ రాత్రుళ్ళు ఏం ఆలోచిస్తోందో తెలిసిపోయింది.

రోజూ నాలుగింటికి వెళ్తుంది. మొదటి పదిరోజులు ఆస్పత్రికి, తర్వాత వాడు అద్దెకుంటున్న గదికి, రెండు వీధుల అవతల. రెండు వీధులు. అంతకుముందు రెండేళ్ళలో ఆ గదికి ఎన్నిసార్లు వెళ్ళిందో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాడు పిలిచేవాడు, అక్కా కొత్తపాట ఒకటి కట్టాను వచ్చి విను, అక్కా ఆదివారం వాయిస్తున్నాం రా. పనుందిరా అనేది. నిజంగానే పనుండేది. ఇప్పుడు రోజూ వెళ్తోంది, షాపు మూడున్నరకే మూసేస్తోంది, ఏ పనీ ఆగిపోలేదు. వాడు మంచంమీద గోడకానుకుని కూర్చుంటాడు, ఆమె కిటికీ పక్క కుర్చీలో. ఎక్కువ మాట్లాడుకోరు. వాడు గుండుసూదితో ఉంగరం వేలి కొసమీద గుచ్చుకుంటాడు, ఆమె చూస్తుంది. "ఏమన్నా తెలిసిందా?" "ఉహూ. ఎవరిదో వేలిని గుచ్చినట్టుంది." ఓసారి చిన్న రక్తపుచుక్క వచ్చింది, ఇద్దరూ దాన్ని చూశారు, ఆమె లేచి దూది తెచ్చింది. ఆరింటికి లేచి వచ్చేస్తుంది. గుమ్మం దగ్గర వాడు, "రేపొస్తావుగా" అంటాడు. రోజూ అంటాడు. ప్రతిరోజూ చెప్పాలనే వెళ్తుంది, నట్టు బిగించినట్టు గుర్తులేదురా అని. ప్రతిరోజూ చెప్పకుండానే వస్తుంది. వాడికీ ఏదో చెప్పాలని ఉన్నట్టే ఉంటుంది, నోరు తెరిచి, మంచినీళ్ళు అడుగుతాడు.

నేను తిట్టించుకోవడానికి వెళ్తున్నాను కాబోలు అనుకుంది. వాడు తిట్టడు. తిట్టకపోవడం వల్ల అది అలా నిలవుండిపోతోంది. లేవాలి. ఇన్‌స్పెక్టరు రాకముందు నేను చూడాలి. ఎవరో పరాయివాడు టార్చి వేసి, "ఇదిగోనమ్మా, వదులుగా ఉంది" అనగా వినడం కంటే, ఒక్కదాన్నే చూస్తే నయం. చెయ్యి వెయ్యొద్దన్నాడు. వెయ్యకూడదు. చూస్తే, చూసి ఏంచేస్తావు, బిగిస్తావా? బిగించేదాన్నయితే ఇన్నాళ్ళూ వాడి గదిలో ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాను. అయినా చేతులు తమ పని తాము మొదలుపెట్టేశాయి. స్క్రూడ్రైవరు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలీదు, ఇదిగో, ఇది కూడా గుర్తులేదు. ఒకటి, రెండు, పైవి తేలిగ్గా వచ్చాయి, మూడోది కాస్త మొండికేసింది, సీలు కాగితం పూర్తిగా ఊడి నేలమీద పడింది, నాలుగు, ఐదు, ఆరు. చెక్క పక్కన పెట్టి, అలవాటు కొద్దీ ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకుని, టార్చి పళ్ళమధ్య పట్టుకుని వంగింది.

నట్టు బిగించే ఉంది.

వేలితో తిప్పి చూసింది, కదల్లేదు. స్పానరు పెట్టి బిగించిన నట్టు. దానికింద రింగు లేదు. పచ్చతీగ వెనక్కి మడిచి, మూలలో ట్రాన్స్‌ఫార్మరు పక్కన చక్కగా దోపి ఉంది, చివర రింగుకి నల్లటేపు చుట్టి. ఊడిపోయింది కాదు, తెగిపోయింది కాదు. ఎవరో నట్టు విప్పి, రింగు తీసి, దేనికీ తగలకుండా టేపు చుట్టి, పక్కకి దోపి, మళ్ళీ నట్టు బిగించారు. శుభ్రమైన పని. టేపు చివర ఒక పిసరు లోపలికి మడిచి ఉంది, తర్వాత విప్పేవాడు గోటితో గీక్కోకుండా. అలా మడిచేవాళ్ళు ఊళ్ళో ఇద్దరే, తనూ, తను నేర్పినవాడూ. ట్యూబులు అరిగినప్పుడల్లా షాపుకి పరిగెత్తుకు రాకుండా నువ్వే మార్చుకో అని ఓ మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి నేర్పింది, విప్పడం, ఖాళీ చెయ్యడం, ఒక చేత్తో పని చెయ్యడం, టేపు చుట్టడం.

టార్చి నోట్లోంచి తీసి బల్లమీద పెట్టింది. ఏమీ అనిపించలేదు. ఆరు వారాలు మోసిన నట్టు నాది కాదు అని అనుకుని చూసింది, ఆ మాట లోపల ఎక్కడా ఆనలేదు. అప్పుడు, దానంతటదే, పిలవకుండానే, ఆ ఫోను గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడుందో. ఆ శనివారమే. హాల్లోంచి చేశాడు. వెనకాల డ్రమ్ములు సరిచూసుకుంటున్న చప్పుడు. "అక్కా, హమ్ వస్తోంది, ఒకటే రొద, పాట వినబడట్లేదు. ఒకసారి రాగలవా?" పనుందిరా అంది. నిజంగానే ఉంది, ఎవరో ఎదురుగా నిలబడి ఉన్నారు. "హాలు ఎర్తూ నీ ఎర్తూ రెండూ కలిసి తిరుగుతున్నాయి, అంతే. ఎర్త్ తీస్తే హమ్ పోతుంది గాని…" అంది. ఎదుటివాళ్ళు ఏదో అడిగారు. "ఉండు, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. ఆ 'గాని' తర్వాత చెప్పాల్సింది ఒక్క మాట, తీయకు. వేరే దారులున్నాయి, తీయకు, ఆ పాత ట్రాన్స్‌ఫార్మరుని నమ్మకు. ఆ ఒక్క మాట చెప్పకుండా పెట్టేసి, ఇన్నాళ్ళూ నట్టు కోసం వెతికింది. నట్టు గుర్తురాకపోవడం వింత కాదు. అది గుర్తురానందుకు కాదు వెతికింది, ఇది గుర్తురాకుండా ఉండేందుకు.

పదీ నలభై రెండు. గోటితో టేపు మడత అందుకుని లాగింది, సులువుగా వచ్చేసింది, బల్ల అంచుకి అంటించింది. రింగుని బోల్టు దాకా తెచ్చింది. నట్టు విప్పి, రింగు దూర్చి, నట్టుని వేళ్ళతో రెండు చుట్లు తిప్పి వదిలేస్తే చాలు. బాగుచేసిన రోజున తను చేసి ఉంటుందని అందరూ అనుకుంటున్నది సరిగ్గా అదే. తమ్ముడు విప్పాడని తేలితే హాలువాళ్ళు చేతులు దులుపుకుంటారు, ఇప్పుడు భరిస్తున్న వేళ్ళ వైద్యం ఖర్చు ఇక ఇవ్వరు, ఆ మాట ముందే చెప్పారు. తను వదిలేసిందని తేలితే షాపు మూతపడుతుంది. పడితే పడుతుంది. ఆమె దాన్ని చాలా చల్లగా ఆలోచించింది, ఎవరిదో యాంప్లిఫయరు గురించి ఆలోచించినట్టు. స్పానరుతో నట్టు విప్పింది, రింగు దూర్చింది, నట్టు ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు తిప్పబోయి, ఆ చేతినే చూస్తూ నిలబడిపోయి, రెండో చేత్తో ఫోను తీసింది.

"అక్కా? ఈ టైములో?"

"విప్పాను."

అటువైపు ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం.

"టేపు నువ్వే చుట్టావు" అంది.

"ఊఁ."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఆస్పత్రిలో రెండోరోజు గుర్తొచ్చింది." అన్నాడు. "నువ్వే చెప్పావు కదా, ఎర్త్ తీస్తే హమ్ పోతుందని."

"తీయమన్నానా?"

"లేదు. తీస్తే పోతుందన్నావు. మళ్ళీ చేస్తానన్నావు. చూశాను కాసేపు. ఏడింటికి మొదలెట్టాలి మేము."

ఆమె స్టూలు వెతుక్కుని కూర్చుంది. "మరి నాతో ఎందుకు చెప్పలేదురా? నట్టు నేనే వదిలేశాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నీకు తెలుసు నేను అలా అనుకుంటున్నానని."

"తెలుసు."

"తెలిసీ?"

"రోజూ చెబుదామనే అనుకున్నా అక్కా. నువ్వు నాలుగింటికల్లా వచ్చేసేదానివి. వచ్చి ఆ కుర్చీలో కూర్చునేదానివి. చెప్పేస్తే నీది తప్పు కాదని తెలిసిపోతుంది." కుళాయి కట్టేశాడు. "తెలిస్తే మళ్ళీ రావేమో అనుకున్నా."

ఆమె బల్లమీద చెక్కపొట్టుని వేలితో ఒక వరసలోకి జరుపుతూ ఉండిపోయింది. ఏదో అనాలి. తిట్టాలి, తిట్టడం ఆమెకి బాగా వచ్చు. చిన్నప్పుడు వాడు మామయ్య మీటరు పగలగొట్టినప్పుడు వీధి వీధంతా వినేలా తిట్టింది. లోపల ఎక్కడో ఒకటి మెల్లిగా వేడెక్కుతోంది, ఇంకా వెలుగు రాలేదు.

"ఇన్‌స్పెక్టరు వస్తాడు ఇప్పుడు" అంది. "నేను దాన్ని మళ్ళీ తగిలించాను. వదులుగా పెట్టేద్దామనుకున్నాను."

"పిచ్చా నీకు? తీసెయ్. నేనొస్తున్నా."

"హాలువాళ్ళు నీ వైద్యం చూడరు తర్వాత."

"మానేస్తే మానేస్తారు. తీసెయ్ అక్కా. చొక్కా వేసుకుంటున్నా, వస్తున్నా" అని, బొత్తాలు పెట్టుకోవడం ఆ చేత్తో ఆలస్యమవుతుంది కాబోలు, ఫోను పెట్టేయకుండానే ఎక్కడో పడేశాడు. మంచం కిర్రుమనడం, తలుపు తీయడం వినిపించాయి.

ఆమె రింగు తీసేసింది. మళ్ళీ టేపు చుట్టలేదు.

పదకొండింటికి షట్టరు కింద మొదట ఇన్‌స్పెక్టరు నల్లబూట్లు వచ్చాయి, వాటి పక్కనే తమ్ముడి చెప్పులు. ఇద్దరూ వంగి లోపలికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు, చంకలో ఫైలు. నేలమీది సీలు కాగితాన్నీ, విప్పిన చెక్కనీ చూసి కళ్ళజోడు తీశాడు.

"చెయ్యి వెయ్యొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. వేశాను" అంది. "నేను చూసేసరికి నట్టు బిగించి ఉంది, తీగ దానికి లేదు. టేపు చుట్టి మూలకి దోపి ఉంది. టేపు అదిగో, నేనే తీశాను. తీగని ఒకసారి తగిలించాను, మళ్ళీ తీశాను. ఎందుకు తగిలించానో కూడా చెబుతాను."

ఆయన టార్చి వేసి లోపలికి చూశాడు, మూలలో తీగ మడత పడిన గుర్తు చూశాడు, టేపుని దగ్గరికి తీసుకుని చూశాడు, అందులో రింగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. మీటరు పెట్టమంటే ఆమె ట్రాన్స్‌ఫార్మరుకి మీటరు పెట్టి చూపించింది, లీకుంది. "పాతది. ఎర్త్ ఉంటే ఫ్యూజుతో పోయేది" అన్నాడు ఆయన, తనలో తాను.

"ఎర్త్ నేనే తీశానండి" అన్నాడు తమ్ముడు. "హాల్లో, వాయించబోయే ముందు. హమ్ వస్తుంటే."

"తీయకూడదని తెలీదా బాబూ?"

"తెలీదు." ఆమెవైపు చూడలేదు వాడు.

ఇన్‌స్పెక్టరు స్టూలుమీద కూర్చుని, ఫైలు మోకాళ్ళమీద పెట్టుకుని, గళ్ళున్న కాగితంలో నింపడం మొదలుపెట్టాడు. నిదానంగా రాసే మనిషి. రాస్తూనే పైకి చదివాడు, వినియోగదారుడు స్వయంగా ఎర్త్ తీగ తొలగించినందువల్ల. పెన్ను ఎత్తి, "మరమ్మతు చేసినవారి లోపం ఏమీ లేదు. ఇక మీరు సంతకం పెట్టండమ్మా" అన్నాడు.

"అలా రాయకండి" అంది.

"లేదమ్మా, మీకు మంచిదే అది."

"హమ్ వస్తోందని నాకు ఫోన్ చేశాడు. రమ్మన్నాడు. పనుందన్నాను. ఎర్త్ తీస్తే పోతుందని చెప్పాను. తీయకూడదని చెప్పకుండా పెట్టేశాను. మళ్ళీ చేస్తానన్నాను, చెయ్యలేదు. అది కూడా రాయండి."

"దానికి ఇందులో గడి లేదమ్మా."

"కింద ఖాళీ ఉంది కదండీ."

"వదిలెయ్యక్కా" అన్నాడు తమ్ముడు.

"నువ్వుండరా." ఆ రెండు మాటలు కొంచెం గట్టిగా వచ్చాయి, బల్లమీద గాజు ట్యూబు ఒకటి సన్నగా మోగింది. పైన అమ్మ కుర్చీ జరిగింది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. చెక్క పదును అరచేతుల్లో తెలుస్తోంది.

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కాగితం కిందివైపు తిప్పుకున్నాడు. "సరే. ఫోన్ ఎన్నింటికి చేశాడు? ఎంతసేపు మాట్లాడారు?"

ఆమె చెప్పబోయేలోపే తమ్ముడు అందుకున్నాడు. "ఆరున్నరకండి. బాగానే మాట్లాడింది, పావుగంట."

ఇన్‌స్పెక్టరు పావుగంట అని రాశాడు.

"కాదు" అంది ఆమె. చెంపలు తుడుచుకోవాలని తోచలేదు. "రెండు నిమిషాలు. రెండు నిమిషాలు కూడా ఉండదు."

ఆయన తమ్ముడివైపు చూశాడు. వాడు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పావుగంట కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో రెండు నిమిషాలు అని రాసి, కాగితం ఆమె ముందుకి జరిపాడు.